తాతయ్యకి రెండు వయసులు

మా తాతయ్యకి రెండు వయసులు. ఇంట్లో డెబ్భై మూడు, కాగితాల్లో డెబ్భై. ఇందులో మాకెవరికీ వింత కనిపించేది కాదు. ఆయన తరంలో చాలామంది సంగతి అంతేనట. బడిలో చేర్చిన రోజున హెడ్మాస్టరు గారు పుట్టినరోజు జూలై ఒకటి అని రాసేసుకుని, వయసు మూడేళ్లు తగ్గించారు. రేపెప్పుడో గవర్నమెంటు ఉద్యోగం వస్తే ఆ మూడేళ్లూ కలిసొస్తాయని. తాతయ్య క్లాసులో సగంమంది జూలై ఒకటినే పుట్టారు. ఆయన రైల్వేలో చేరి, స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యేదాకా ఆ తేదీతోనే బతికారు. పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, ఆ తర్వాత అమెరికా సిటిజన్‌షిప్, అన్నిటి మీదా అదే తేదీ.

అమ్మమ్మ ఉన్న రోజుల్లో దీని మీద బాగా నవ్వించేది. "పెళ్ళినాడు మీ తాత నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఉద్యోగంలో చేరేసరికి ఏడాదే పెద్ద. ఇంకో ప్రమోషనొచ్చిందంటే నన్ను అక్కా అని పిలవాల్సిందే" అనేది.

ఇంట్లో మాత్రం అసలు వయసే లెక్క. ఆయన పుట్టినరోజు మాఘమాసంలో తిథి చూసుకుని చేస్తాం. డెబ్భయ్యో ఏట అమ్మ ఇక్కడి గుడిలో భీమరథ శాంతి చేయించింది. అమ్మ ఆయనకి ఒక్కతే సంతానం. తాతయ్య మాతో ఇక్కడ అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఉండబట్టే నాకు తెలుగు చదవడం వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, మనుషులతో మాట్లాడటం చేతకానిదాన్ని. ఆఫీస్ మీటింగుల్లో కూడా నోరు తెరవకుండా చాట్‌లో టైప్ చేసి గట్టెక్కుతాను. డైరీ, పుస్తకాలు, తాతయ్య, ఈ మూడింటి దగ్గరే నాకు మాటలు వస్తాయి.

మొన్నటి వసంతంలో తాతయ్య పేరు మీద కౌంటీ కోర్టు నుంచి జ్యూరీ డ్యూటీకి పిలుపు వచ్చింది. ఇక్కడ కేసుల్లో నేరం చేశాడా లేదా అని తేల్చేది జడ్జి ఒక్కరే కాదు. మామూలు మనుషులు కొందరు కూర్చుని, ఇరువైపులా విని, తీర్పు చెప్పాలి. అందుకోసం కౌంటీలో ఉన్న సిటిజన్లలో ఎవరినైనా పిలుస్తారు. పిలిస్తే వెళ్ళాలి. డెబ్భై రెండేళ్లు నిండినవాళ్లు మాత్రం, కావాలంటే తమని వదిలెయ్యమని అడగొచ్చు.

అమ్మ ఆ ఒక్క ముక్క చదివి ఊపిరి పీల్చుకుంది. తాతయ్యకి షుగరుంది, బీపీకి వేసుకునే, మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తించే నీటి మాత్రలున్నాయి, కుడిభుజం పట్టేసి ఉంది. వంటింట్లో నిలబడే ఫోన్లో కోర్టు వెబ్‌సైట్ తెరిచి, వయసు కారణంగా మినహాయింపు అన్నచోట టిక్కు పెట్టింది. పుట్టిన తేదీ అడిగితే రాసింది. పైన రాసినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను అన్నచోట ఇంకో టిక్కు పెట్టి పంపించేసింది.

ఎప్పుడూ తాతయ్య తరఫున ఏది నింపినా ఐడీ కార్డు ఎదురుగా పెట్టుకుని, చూసి రాసేది అమ్మ. ఆ రోజు కార్డు తీయలేదు. వయసు అడిగారు, తండ్రి వయసు కూతురికి తెలియదా అనుకుంది. మాఘమాసం లెక్క వేసి, ఆ సంవత్సరానికి సరిపోయే ఇంగ్లీషు తేదీ రాసేసింది.

పది రోజులకి జవాబు వచ్చింది. మీరిచ్చిన పుట్టిన తేదీ మా రికార్డుతో సరిపోవడం లేదు, మినహాయింపు ఇవ్వలేము, పిలిచిన రోజున వచ్చి జడ్జి ముందు విషయం చెప్పుకోండి అని.

అమ్మ ఆ కాగితం పట్టుకుని చాలాసేపు బల్ల దగ్గరే కూర్చుండిపోయింది. తర్వాత మా వీధి చివర ఉండే అంకుల్‌కి ఫోన్ చేసింది. ఈ చుట్టుపక్కల ఇంటి పైకప్పు కారినా, వీసా చిక్కులో పడ్డా అందరూ ముందు ఆయన్నే అడుగుతారు. ఆయన వచ్చి, కాఫీ కూడా ముట్టుకోకుండా రెండు సార్లు చదివారు.

"అక్కా, అసలు నిజం రాయమని నీకెవరు చెప్పారు?" అన్నారు.

"నిజమే కదా తమ్ముడూ, నేనేం కల్పించానా?"

"అదే ప్రాబ్లం. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో పెద్దాయన చెయ్యెత్తి ఓత్ తీసుకుని చెప్పింది జూలై ఒకటి. ఇప్పుడు కోర్టులో ఇంకో డేట్. ఎవరైనా లింక్ చేశారంటే అప్పుడు అబద్ధం చెప్పారని సిటిజన్‌షిప్ రివోక్ చేస్తారు. అసలే ఈ మధ్య ఎంత టైట్‌గా ఉందో చూస్తున్నావ్‌గా."

అమ్మ ఆ కాగితం వెనక్కి తీసుకుంది. "ఇప్పుడేం చెయ్యాలి మరి?"

"సింపుల్. టైపో. టైప్ చేసేటప్పుడు వేలు జారింది. సారీ మేడమ్, థాంక్యూ మేడమ్, అంతే."

సోఫాలో కూర్చుని అంతా వింటున్న తాతయ్య అప్పుడు మాట్లాడారు. "వేలు జారితే ఒక అంకె మారుతుంది బాబూ. ఇక్కడ నెల మారింది, తేదీ మారింది, సంవత్సరం మారింది. మా అమ్మాయికి ఎన్ని వేళ్లు జారాయని చెప్పమంటావు?"

"మీరు జోకులేస్తారు పెద్దాయనా. రేపు తిరిగి పంపించేస్తే ఎక్కడికెళ్తారు? ఎవరున్నారక్కడ?"

అక్కడ మాకు ఇల్లు లేదు. అమ్మమ్మ లేదు. అమ్మ ఇక్కడ, నేనిక్కడ. అంకుల్ ఆ మాట ఎగతాళికి అనలేదు, భయపెట్టాలనీ అనలేదు. ఆయన నిజంగానే అడిగారు. అందుకే ఆ మాట ఆ వారమంతా ఇంట్లోనే ఉండిపోయింది.

కోర్టుకి ఎవరు తీసుకెళ్ళాలన్న ప్రశ్న వచ్చింది. టైప్ చేసిన మనిషి వస్తే లేనిపోని ప్రశ్నలు అడుగుతారు, రావద్దని అంకుల్ అమ్మకి చెప్పారు. నాన్న ప్రాజెక్టు పని మీద ఎక్కడో దూరాన ట్రాయ్ అనే ఊళ్లో ఉన్నారు. మిగిలింది నేను.

"నువ్వేం మాట్లాడక్కర్లేదు" అంది అమ్మ, కూర తరుగుతూ. "తాతయ్య ఏమైనా అనబోతే నువ్వు ముందు చెప్పెయ్యి. ఇట్ వాజ్ ఎ టైపింగ్ మిస్టేక్. అంతే. ఏదీ, అను."

అన్నాను.

"కాస్త గట్టిగా. వాళ్లకి వినబడాలి కదే."

మళ్ళీ అన్నాను. వంటింట్లో, స్నానాల గదిలో, ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి, ఎన్నిసార్లు అనుకున్నానో. అయిదు మాటల వాక్యం. కానీ ఎదురుగా ఒక జడ్జి ఉన్నారని ఊహించుకోగానే మొదటి మాట దగ్గరే ఆగిపోయేదాన్ని.

తాతయ్యతో సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు అడిగాను, మీరేం చెప్తారని.

"అడిగినదానికి చెప్తానమ్మా."

"ఏది కరెక్ట్ డేట్ అని అడిగితే?"

ఎవరింటి ముందో నీళ్లు చిమ్మే గొట్టం తిరుగుతోంది, తడి దాటుకుని గడ్డి మీదుగా నడిచాం. "సిటిజన్‌షిప్ నాడు చెయ్యెత్తి ఒకటి చెప్పాను. ఇప్పుడు చెయ్యెత్తి ఇంకోటి చెప్పాలి. రెండూ నిజం ఎలా అవుతాయి తల్లీ? టైపింగ్ తప్పని చెబితే మూడోది కూడా చేరుతుంది. ఇంతవరకూ నా అంతట నేను కల్పించింది ఒక్కటీ లేదు. ఆ తేదీ కూడా నేను పెట్టుకున్నది కాదు, నాకు పెట్టింది. ఇప్పుడు మాత్రం నేనే కల్పించాలట."

"అమ్మ భయపడుతోంది తాతయ్యా."

"నాకు భయం లేదనుకున్నావా?" అన్నారు. తాతయ్యకి భయం వేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. రాత్రి రైళ్లకి పచ్చదీపం ఊపిన మనిషి అని మాత్రమే తెలుసు.

ఆ సోమవారం పొద్దున్నే పక్క ఊరు రాలీలో కోర్టుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నుదుట సన్నగా బొట్టు పెట్టుకుని, దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నేను మనసులో ఆ వాక్యం అనుకుంటూనే ఉన్నాను. మధ్యలో ఒక ఎగ్జిట్ దాటిపోయి, మళ్ళీ తిరిగి రావాల్సి వచ్చింది.

జ్యూరీ వాళ్లని కూర్చోబెట్టే హాలు స్కూల్ కెఫెటీరియాలా ఉంది. వరసగా కుర్చీలు, మూలన కాఫీ. నేను తోడు వచ్చానని చెబితే కిటికీ దగ్గరున్న క్లర్క్ సరేనన్నాడు. మినహాయింపు అడిగినవాళ్లని ఎడమవైపు కూర్చోమన్నాడు. అక్కడినుంచి ఒక్కొక్కరిని, ముందున్న బల్ల దగ్గరికి పిలుస్తున్నారు. బల్ల వెనక జడ్జి, పొట్టి తెల్లజుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లద్దాలు. గౌను వేసుకుని ఉంది గానీ, మా లైబ్రరీలో కౌంటర్ దగ్గర ఉండే ఆవిడలా అనిపించింది. ఆ పోలికతో కాస్త ధైర్యం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

మాకంటే ముందు చేతికర్ర పట్టుకున్న ఒక ముసలావిడ వెళ్ళింది. డెబ్భై ఎనిమిది అని చెప్పింది. జడ్జి కార్డు చూసి, థాంక్యూ అని పంపించేసింది. అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆవిడ తర్వాత ఒకాయన, చేతులు చూస్తే పొలం పని చేసినవాడిలా ఉన్నాడు. ఆయనకి ఎనభై దాటిందట. తనని వదిలెయ్యమని ఆయన అడగలేదు, ఆయన కోడలు అడిగిందట.

"మీరేమంటారు?" అంది జడ్జి.

"ఇంటికెళ్తే ఆవిడ నన్ను గడ్డి కోయమంటుంది. ఇక్కడే కూర్చుంటాను" అన్నాడు.

హాల్లో కొందరు నవ్వారు. తర్వాతి పేరు తాతయ్యది.

ఇద్దరం వెళ్ళి నిలబడ్డాం. ముందుగా తాతయ్య చేత చెయ్యెత్తించి నిజమే చెప్తానని ప్రమాణం చేయించారు. కుడిచెయ్యి భుజం దాకానే లేచింది. జడ్జి ఒక చేతిలో ఐడీ కార్డు, ఒక చేతిలో అమ్మ పంపిన దరఖాస్తు ప్రింటు పట్టుకుంది.

"సర్, ఇందులో మీకు డెబ్భై మూడు. ఇందులో డెబ్భై. దరఖాస్తు మీరే నింపారా?"

"నో మేడమ్. మై డాటర్."

"ఆవిడ వచ్చారా?"

"నో మేడమ్. గ్రాండ్‌డాటర్ వచ్చింది."

జడ్జి నా వైపు తిరిగింది. మొహంలో కోపమేమీ లేదు. తొందరగా పని తెమిలిపోతే బాగుండుననే మొహం. "ఇది టైపింగ్‌లో పొరపాటై ఉంటుందా?" అంది.

వారం రోజులుగా నేను మోసుకొచ్చిన వాక్యం ఆవిడే అనేసింది. నేను ఆ అయిదు మాటలూ అనక్కర్లేదు. తల ఊపితే చాలు. అలా ఊపితే అమ్మ ఈ రాత్రి పడుకుంటుంది. తాతయ్య అబద్ధం చెప్పినట్టు కాదు, చెప్పింది నేనవుతాను. నేను ప్రమాణం కూడా చేయలేదు. ఇదంతా అప్పుడే ఆలోచించానో, తర్వాత డైరీలో రాసేటప్పుడు ఆలోచించానో ఇప్పుడు చెప్పలేను. తాతయ్య నా వైపు చూడలేదు. నన్ను ఎటూ లాగకూడదనేమో, జడ్జి వెనకున్న జెండా కర్ర వైపే చూస్తూ నిలబడ్డారు.

"నో" అన్నాను.

"సారీ, వినపడలేదు."

"నో, యువర్ ఆనర్. అది పొరపాటు కాదు. మా ఇంట్లో తెలిసిన వయసు అదే."

ఈసారి మరీ గట్టిగా వచ్చింది. కుర్చీల్లోవాళ్లు తలెత్తి చూశారు. జడ్జి కళ్లద్దాలు పెట్టుకుంది. అంటే ఇక తొందరలేదన్నమాట.

"మరి ఈ కార్డు మీదున్న తేదీ?" అంది తాతయ్యతో.

తాతయ్య గొంతు సవరించుకున్నారు. ఆయన ఇంగ్లీషు రైల్వే ఇంగ్లీషు, ఒక్కో మాటా విడిగా వస్తుంది. తాను పుట్టినప్పుడు ఊళ్లో ఎవరూ ఎక్కడా రాసుకోలేదని చెప్పారు. పెద్ద గాలివాన వచ్చిన ఏడు, మాఘమాసం అని తల్లి చెప్పేదని, అంతకుమించి ఆమెకి తెలియదని చెప్పారు. బడిలో చేర్చే రోజున పిల్లవాడి కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారట. అందితే బడి ఈడు వచ్చినట్టు.

"అదొక్కటే పరీక్షా?" అంది జడ్జి.

"దట్ ఓన్లీ, మేడమ్." చూపించబోయారు. చెయ్యి నడినెత్తి దాకా కూడా వెళ్ళలేదు. నొప్పికి మొహం బిగుసుకుంది. జడ్జి చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టింది.

"చెవి అందాక హెడ్మాస్టరు గారు ఆయనకి తోచింది రాశారు. మా అందరికీ జూలై ఒకటి. నేను రైల్వేలో చేరింది దాంతోనే, రిటైరైంది దాంతోనే. వేరే కాగితం నాకు ఎన్నడూ లేదు మేడమ్."

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండునని నాకు ప్రాణం కొట్టుకుంది. ఆయన ఆపలేదు.

"మేడమ్, వన్ క్వశ్చన్. సిటిజన్‌షిప్ నాడు ప్రమాణం చేసి ఆ తేదీయే చెప్పాను. అది తప్పుడు ప్రమాణమా?"

ఎవరూ అడగని ప్రశ్న. అంకుల్ ఏ మాట పైకి రాకూడదన్నారో, అదే మాట. నేను తాతయ్య చొక్కా చెయ్యి పట్టుకున్నాను, అప్పటికే ఆలస్యమైంది. జడ్జి పక్కనున్న ఇంకో క్లర్క్ రాయడం ఆపాడు. జడ్జి కార్డునీ దరఖాస్తునీ పక్కపక్కన బల్ల మీద పెట్టింది.

"ఆ ప్రశ్న నా ముందు లేదు సర్" అంది. "నేను దానికి జవాబు చెప్పలేను, చెప్పకూడదు కూడా. మనసులో బాధ ఉంటే ఒక లాయర్ని అడగండి. నేను తేల్చాల్సింది ఒక్కటే. వయసు కారణంగా మిమ్మల్ని వదలొచ్చా అని. నేను రికార్డు ప్రకారం నడవాలి. రికార్డులో మీకు డెబ్భై. కాబట్టి వదలలేను."

"యెస్ మేడమ్."

"ఆరోగ్యం వల్ల ఏమైనా ఇబ్బంది ఉంటే చెప్పండి. అది వేరే సంగతి."

అమ్మ అయితే ఇక్కడ షుగరు నుంచి మోకాళ్ల దాకా వరసపెట్టి చెప్పేది. తాతయ్య కాస్త ఆలోచించారు. "గంటకోసారి బాత్రూమ్‌కి పోవాలి మేడమ్. వాళ్లు పంపిస్తే ఇంకేం ఇబ్బంది లేదు."

"పంపిస్తారు" అంది జడ్జి. "ఈ బిల్డింగ్‌లో నాతో సహా సగంమందికి అదే అవసరం." కార్డు తిరిగి ఇచ్చేసింది. "కుడివైపు కూర్చోండి సర్."

"కుడివైపు అంటే ఉండేవాళ్లా?"

"అవును. ఉండేవాళ్లు."

తాతయ్య ఆవిడకి నమస్కారం పెట్టి, కుడివైపుకి వెళ్ళి, గడ్డి కోయనన్న పెద్దాయన పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఏదో అంటే తాతయ్య చెవి దగ్గరికి పెట్టి విన్నారు. నాకు మాత్రం భయం ఇంకా పోలేదు. జడ్జి తాతయ్యని తప్పుపట్టలేదు, అలాగని ఏమీ కాదనీ అనలేదు.

జేబులో ఫోన్ వణికింది. అమ్మ. వరండాలోకి వెళ్ళి ఎత్తాను.

"అయిందా? పంపించేశారా?"

"లేదమ్మా. ఉండమన్నారు. రికార్డులో డెబ్భయ్యే కదా, ఏజ్ మీద వదలరట."

"టైపో అని చెప్పావు కదా?"

"లేదు."

అమ్మ వెనకాల కుక్కర్ కూత వినిపించింది, వెంటనే స్టవ్ ఆపేసిన టక్కుమన్న చప్పుడు.

"మరేం చెప్పావే?"

"నువ్వు రాసింది నిజమేనని చెప్పాను. మిగతాది తాతయ్య చెప్పారు. సిటిజన్‌షిప్ సంగతి కూడా ఆయనే అడిగారు."

"ఆయనే అడిగారా!" అంది అమ్మ. "ఎవరూ అడగకుండానే?"

"ఊ."

"ఏమందావిడ?"

"అది నేను చెప్పకూడదు, లాయర్ని అడగండి అంది. కోప్పడలేదు."

అమ్మ ఏడుస్తోందేమో అనుకున్నాను. ముక్కు ఎగపీల్చింది. "నువ్వు ఊ అంటే అయిపోయేది కదే, ఒక్క మాట."

"తెలుసమ్మా."

"నాకు చాలా భయంగా ఉంది."

"నాకూ" అన్నాను. ఇద్దరం ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే ఉన్నాం. వరండాలో లాయర్లు బూట్లు టకటకలాడించుకుంటూ పోతున్నారు.

"సరే. మధ్యాహ్నం నేనే లాయర్‌కి ఫోన్ చేస్తా" అంది కాసేపటికి. గొంతు మామూలైంది. "ఉన్నదున్నట్టు చెప్పి అడుగుతా. మీ అంకుల్‌కి మాత్రం ఇప్పుడే చెప్పకు, ఆయన ఇక్కడికొచ్చి కూర్చుంటాడు. అవును గానీ, తాతయ్య మాత్ర వేసుకున్నారా?"

వేసుకోలేదు. మాత్రల డబ్బా నా సంచిలోనే ఉంది.

లోపలికి పరిగెత్తాను. కుడివైపు ముందు వరసలు ఖాళీ అయిపోయాయి, తాతయ్య కూర్చున్న కుర్చీతో సహా. ఏదో కేసు కోసం వాళ్లని పైకి తీసుకెళ్ళారని, సాయంత్రం దాకా పట్టొచ్చని పక్కనున్నవాళ్లు చెప్పారు. నేను క్లర్క్ కిటికీ దగ్గరికి వెళ్ళి, నా ముందున్న ఇద్దరి వెనక నిలబడ్డాను. నా వంతు వచ్చాక డబ్బా బల్ల మీద పెట్టి, మా తాతయ్య జ్యూరీలో ఉన్నారు, ఇది ఆయనకి పైకి పంపించగలరా అని అడిగాను.